పట్టూ విడుపూ: జన్యువులను నడిపే ప్రోటీన్ల రూపం



మాస్టారు మాకు బయోకెమిస్ట్రీ చెప్పిన రోజుల్లో కాలేజీలో ప్రోటీన్ల నమూనాలు ఉండేవి కావు. ఇనప తీగ వంచి, ప్రోటీన్లలో స్ప్రింగులా చుట్టుకుని ఉండే ఆల్ఫా హెలిక్స్ చేసి చూపించేవారు. ఆయనకు ఇష్టమైన ప్రశ్న ఒకటుండేది: శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఒకే డీఎన్‌ఏ ఉన్నప్పుడు, కాలేయ కణం కాలేయ కణంగా, నాడీకణం నాడీకణంగా ఎందుకుంటున్నాయి? ఈ ప్రశ్నకు జవాబు ఇచ్చే పరిశోధనలు అప్పుడే ఒక్కొక్కటిగా వెలువడుతున్నాయి. జవాబు మధ్యలో ఉన్నది ఆ ఆల్ఫా హెలిక్సే. ఆయన పేర జరిగే ఈ ఉపన్యాసానికి అంతకన్నా తగిన విషయం నాకు తోచలేదు.

డీఎన్‌ఏలో ఉన్న జన్యువును ఆర్‌ఎన్‌ఏగా రాసే యంత్రం ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్. ఏ జన్యువును, ఎప్పుడు, ఎంత రాయాలో దానికి సొంతంగా తెలియదు. జన్యువు పక్కనో, వేల లక్షల అక్షరాల దూరంలోనో ఉన్న చిన్న చిన్న డీఎన్‌ఏ వరసలను గుర్తుపట్టి, అక్కడ కుదురుకుని, పాలిమరేజ్‌ను రప్పించేవీ ఆపేవీ ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లనే ప్రోటీన్లు. వీటిని ఇకపై కారకాలంటాను. మనిషిలో ఇవి దాదాపు 1,600 ఉన్నాయి. ప్రోటీన్ తయారుచేసే జన్యువులు ఇరవై వేలనుకుంటే, పన్నెండు పదమూడింటిలో ఒకటి మిగతావాటిని నడపడానికే ఉందన్నమాట.

ఈ కారకాలు డీఎన్‌ఏను గట్టిగా పట్టుకోవడం వల్లే జన్యువులు అదుపులో ఉంటాయని పాఠ్యపుస్తకం చదివినవాళ్లకు అనిపిస్తుంది. ఇన్నేళ్లు ఈ రూపాలను చూశాక నాకు వేరేలా అనిపిస్తోంది. వీటి పట్టు కావలసినంతే ఉంటుంది, ఒంటరిగా ఎక్కువసేపు నిలవదు, పిలుపు వస్తే వదిలేస్తుంది. ఇవి జన్యువులను నడపగలుగుతున్నది ఆ పట్టువిడుపుల వల్లే. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ముందు డీఎన్‌ఏ సంగతి. రెండు పోగులు మెలితిరిగి ఉంటాయి, ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాలు లోపల జతకట్టి ఉంటాయి. పోగులు విప్పకుండా వాటిని చదవడం ఎలా? మెలిక వెంట రెండు గాడులు నడుస్తాయి, ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు. లోపలి అక్షరాల అంచులు ఈ గాడుల్లోకి తొంగిచూస్తుంటాయి. 1976లో సీమన్, రోజెన్‌బర్గ్, రిచ్ అనే శాస్త్రవేత్తలు ఈ అంచులను పరిశీలించి ఒక మాట చెప్పారు. వెడల్పు గాడిలో ఏ-టీ, టీ-ఏ, జీ-సీ, సీ-జీ అనే నాలుగు జతలూ నాలుగు వేర్వేరు రసాయన ముద్రలు చూపిస్తాయి. హైడ్రోజన్ బంధానికి చెయ్యిచ్చే అణువు ఎక్కడుంది, అందుకునే అణువు ఎక్కడుంది, టీ మీది మిథైల్ గుంపు ఎటు పొడుచుకొచ్చింది అన్నది చూస్తే జత ఏదో తెలిసిపోతుంది. ఇరుకు గాడిలో ఇంత వివరం లేదు. అక్కడ ఏ-టీకీ జీ-సీకీ తేడా తెలుస్తుంది గాని, ఎవరు ఎటువైపున్నారో తెలియదు. అందుకే ప్రకృతిలో చదువరులు ఎక్కువగా వెడల్పు గాడిలోకే వస్తారు. ఆ గాడిలో సరిగ్గా ఇమిడే లావు ఆల్ఫా హెలిక్స్‌ది.

ఇది నిజమని కళ్లారా చూడడానికి కొన్నేళ్లు పట్టింది. జన్యువులను ఆపే రెప్రెసర్ అనే పదార్థం ఒకటుండాలని అంతకు చాలా ముందే, 1961లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ నుంచి జాకబ్, మోనో తర్కించి చెప్పారు. అది ప్రోటీనని హార్వర్డ్‌లో రెండు బృందాలు తేల్చాయి. 1966లో గిల్బర్ట్, మ్యూలర్-హిల్ ఈ.కోలై బ్యాక్టీరియాకు చెందిన లాక్ రెప్రెసర్‌ను, 1967లో మార్క్ టాష్నీ లాంబ్డా వైరస్ రెప్రెసర్‌ను వేరుచేశారు. 1981లో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ మాథ్యూస్ బృందం లాంబ్డా వైరస్‌కే చెందిన క్రో అనే మరో ప్రోటీన్‌ను స్ఫటికంగా మార్చి, దాని రూపాన్ని ఎక్స్‌రేలతో బయటపెట్టింది. 66 అమైనో ఆమ్లాల బుల్లి ప్రోటీన్ అది. రెండు కలిసి జంటగా ఉంటాయి. ఆ జంటలో ముందుకు పొడుచుకొచ్చిన రెండు హెలిక్స్‌ల మధ్య దూరం 34 ఆంగ్‌స్ట్రామ్‌లు. డీఎన్‌ఏ ఒక చుట్టు తిరగడానికి పట్టే పొడవూ 34 ఆంగ్‌స్ట్రామ్‌లే! ఒక హెలిక్స్ గాడిలో దిగితే, రెండోది సరిగ్గా ఒక చుట్టు అవతల అదే ముఖం మీద గాడిలో దిగుతుంది. జీవశాస్త్రంలో ఇంత సూటిగా మాట్లాడే కొలత నాకు మరొకటి తెలియదు. డీఎన్‌ఏ లేకుండా ప్రోటీన్ ఒక్కదాన్నే చూసి, అది డీఎన్‌ఏ మీద ఎలా కూర్చుంటుందో చెప్పగలిగారు.

ఇక్కడ లాంబ్డా వైరస్ దగ్గర కొంచెంసేపు ఆగాలి. పట్టువిడుపుల కథ అంతా ఇందులోనే ఉంది. ఈ వైరస్ ఈ.కోలై బ్యాక్టీరియాలో చేరి, దాని డీఎన్‌ఏలో కలిసిపోయి, తరాల తరబడి గుట్టుగా ఉండగలదు. ఆ గుట్టును కాపాడేది రెప్రెసర్. 236 అమైనో ఆమ్లాల ఈ ప్రోటీన్‌లో రెండు ముద్దలుంటాయి, మధ్యలో ఒక సన్నని లంకె. మొదటి ముద్దలో ఐదు ఆల్ఫా హెలిక్స్‌లు. వాటిలో మూడోది గాడిలోకి దిగి అక్షరాలు చదువుతుంది. అందులోని 44వ స్థానంలో ఉన్న గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం ఒక ఏ అక్షరం అంచును రెండు హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటుంది. రెండో ముద్దకు అక్షరాలతో పనిలేదు. మరో రెప్రెసర్‌తో జతకట్టడమే దాని పని. ఒంటరి రెప్రెసర్ డీఎన్‌ఏ మీద నిలవదు, జంట అయితే నిలుస్తుంది. జంట పక్కన మరో జంట వచ్చి, రెండో ముద్దలు ఒకదాన్నొకటి తాకితే ఇంకా బాగా నిలుస్తాయి.

దీనివల్ల ఒరిగేదేమిటి? పట్టు సహవాసం మీద ఆధారపడినప్పుడు, కణంలో ప్రోటీన్ల సంఖ్య కాస్త తగ్గినా పట్టు బాగా సడలిపోతుంది. ఒంటరిగానే గట్టిగా పట్టుకునే రెప్రెసర్ ఉండి ఉంటే జన్యువు మెల్లగా, అరకొరగా తెరుచుకునేది. జంటల మీద జంటలు ఆధారపడటం వల్ల అది ఒక్కసారిగా తెరుచుకుంటుంది. బ్యాక్టీరియాకు అతినీలలోహిత కిరణాలు తగిలి డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు, రెక్‌ఏ అనే ప్రోటీన్ ప్రేరణతో రెప్రెసర్ తన లంకెను తనే తెంచుకుంటుంది. అక్షరాలు చదివే ముద్ద చెక్కుచెదరకుండానే ఉంటుంది. కానీ జతకట్టే ముద్ద విడిపోయింది కాబట్టి డీఎన్‌ఏ మీద నిలవలేక జారిపోతుంది. వైరస్ మేలుకుని, మునిగిపోతున్న ఇంటిని వదిలి బయటపడుతుంది. వదిలేయడం కోసమే ఆ సన్నని లంకె అక్కడుందని నేననుకుంటాను. ఇంకో సంగతి: పక్కపక్కన ఉన్న రెండు జంటల్లో ఒకటి పాలిమరేజ్‌ను ఆనుకుని, రెప్రెసర్ సొంత జన్యువును రాయడానికి సాయపడుతుంది. ఆపేదీ అదే, నడిపించేదీ అదే. ఎక్కడ కూర్చుంది, పక్కన ఎవరున్నారు అన్నదాన్నిబట్టి పని మారుతుంది.

లాక్ రెప్రెసర్ మరో పాఠం చెబుతుంది. ఈ.కోలై డీఎన్‌ఏలో 46 లక్షల అక్షరాలుంటాయి. వాటిలో తన చోటును ఈ ప్రోటీన్ ఎలా వెతుక్కుంటుంది? నీళ్లలో ఈదుతూ అనుకోకుండా తగిలే వేగంకన్నా ఎక్కువ వేగంతో అది తన చోటును పట్టుకుంటోందని 1970లోనే కొలతలు చూపాయి. కొత్త ఊళ్లో ఇల్లు వెతికే మనిషి ఒక వీధి పొడుగునా కాస్త నడిచి, కాదనుకుంటే పక్క వీధికి మళ్లినట్టు, రెప్రెసర్ డీఎన్‌ఏ మీద ఎక్కడో వాలి, కొంతదూరం జారుతూ చూసి, వదిలేసి, ఇంకోచోట వాలుతుంది. 2007లో హార్వర్డ్‌లో బతికున్న బ్యాక్టీరియాలో ఒక్కొక్క రెప్రెసర్‌నే వెలిగించి చూశారు. దాదాపు తొంభై శాతం సమయం అది ఇలా ఏదో ఒక డీఎన్‌ఏ మీద వదులుగా వాలి తిరుగుతూనే ఉంది.

మరి దారిలో తగిలిన ప్రతిచోటా అతుక్కుపోతే? లేదా తన చోటు వచ్చినా గమనించకుండా జారిపోతే? 2004లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ శాస్త్రవేత్తలు దీనికి జవాబు ఇచ్చే రూపాన్ని చూపించారు. సంబంధంలేని డీఎన్‌ఏ మీద ఉన్నప్పుడు రెప్రెసర్ మెడభాగం ఏ ఆకారమూ లేకుండా వేలాడుతుంది, డీఎన్‌ఏ తిన్నగానే ఉంటుంది. అసలు చోటు దొరికాక ఆ మెడ హెలిక్స్‌గా ముడుచుకుని ఇరుకు గాడిలోకి దూరుతుంది, డీఎన్‌ఏ 36 డిగ్రీల దాకా వంగుతుంది. తిరిగేటప్పుడు ఒక రూపం, కుదురుకున్నాక మరో రూపం. ఒకే రూపంతో బిగుసుకుపోయిన ప్రోటీన్‌కు ఈ రెండు పనులూ చేతకావు.

ఇక మనిషి సంగతి. ఇక్కడ లెక్కే మారిపోతుంది. పన్నెండు అక్షరాల వరస ఒకటి యాదృచ్ఛికంగా కనిపించాలంటే దాదాపు కోటీ 68 లక్షల అక్షరాలు కావాలి. బ్యాక్టీరియా డీఎన్‌ఏకు అది చాలు, అలాంటి వరస అనుకోకుండా రెండోసారి రావడం అరుదు. మన కారకాలు చదివే వరసలు చాలావరకు ఆరు నుంచి పది అక్షరాలవి. ఆరక్షరాల వరస 4,096 అక్షరాలకు ఒకసారి వస్తుంది. 300 కోట్ల అక్షరాల మన డీఎన్‌ఏలో ఒక్క పోగును చూసినా అలాంటి చోట్లు ఏడు లక్షల పైచిలుకు. వరస ఒక్కటే చూసుకుని పనిచేసే కారకమైతే దానికి తన జన్యువు ఏదో తెలియనే తెలియదు.

ఇది లోపమేమీ కాదు. పొట్టి వరసను చదివే కారకం ఒంటరిగా ఏమీ చేయలేదు, నలుగురు కలిస్తేనే ఏదైనా చేస్తుంది. అందువల్ల ఒకే కారకాన్ని వేర్వేరు సహచరులతో కలిపి వేర్వేరు కణాల్లో వాడుకోవచ్చు. దీనికి నాకు నచ్చిన ఉదాహరణ వైరస్ సోకినప్పుడు మేలుకునే ఇంటర్‌ఫెరాన్-బీటా జన్యువు. దాని ముందున్న 55 అక్షరాల డీఎన్‌ఏ ముక్క మీద ఎనిమిది ప్రోటీన్లు ఒకదాని పక్కన ఒకటి కూర్చుంటాయి. ఆ మొత్తం రూపాన్ని 2007 నాటికి హారిసన్, మానియాటిస్, పన్నె కలిసి చూపించారు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ ప్రోటీన్లు ఒకదాన్నొకటి నేరుగా పెద్దగా తాకవు. ఒకటి కూర్చున్నప్పుడు డీఎన్‌ఏ ఒంపు మారి, పక్కదానికి చోటు అనువవుతుంది. మూడు వేర్వేరు కుటుంబాల కారకాలు, మూడు వేర్వేరు హెచ్చరికలు అందుకుని ఒకే వేళకు వస్తేనే జన్యువు గట్టిగా పలుకుతుంది. అనవసరంగా ఇంటర్‌ఫెరాన్ తయారైతే ఒంటికే హాని. ఎవరి పట్టూ ఒంటరిగా చాలకపోవడమే ఇక్కడ రక్షణ.

మన కారకాల్లో దాదాపు సగం జింక్ ఫింగర్ కుటుంబానివి. కప్ప గుడ్లలో దొరికే టీఎఫ్-3ఏ అనే ప్రోటీన్‌ను పరిశీలిస్తూ 1985లో కేంబ్రిడ్జ్‌లో ఆరన్ క్లుగ్ బృందం ఈ రూపాన్ని ఊహించింది. దాదాపు 30 అమైనో ఆమ్లాల ముక్క ఒక్కో జింక్ అణువు చుట్టూ ముడుచుకుని వేలిలా నిలుస్తుంది. రెండు సిస్టీన్లు, రెండు హిస్టిడిన్లు ఆ జింక్‌ను పట్టుకుంటాయి. 1991లో పావ్లెటిచ్, పాబో డీఎన్‌ఏ మీద మూడు వేళ్లను చూశారు. ఒక్కో వేలు ఇంచుమించు మూడక్షరాలు చదువుతోంది. వేళ్లు పెంచుకుంటూ పోతే ఎంత పొడుగు వరసనైనా చదవచ్చు. పరిణామానికి దీనికన్నా అందుబాటైన పనిముట్టు మరొకటి దొరికి ఉండదు.

ఇప్పటిదాకా చదవడం గురించే చెప్పాను. చదివాక చెప్పాలి కదా. 1985లో బ్రెంట్, టాష్నీ ఒక సాహసం చేశారు. బ్యాక్టీరియాలోని లెక్సా ప్రోటీన్‌లో డీఎన్‌ఏ చదివే భాగానికి ఈస్ట్‌లోని గాల్4 ప్రోటీన్‌ను అతికించారు. ఆ అతుకు ప్రోటీన్ ఈస్ట్‌లో బ్యాక్టీరియా వరసను చదివి, ఈస్ట్ జన్యువును నడిపింది. చదివే భాగం వేరు, పాలిమరేజ్‌ను పిలిచే భాగం వేరు, వాటిని విడదీసి కొత్తగా కలపవచ్చని తేలిపోయింది.

ఆ పిలిచే భాగం రూపం కోసం వెతికినవాళ్లకు చాలాకాలం నిరాశే మిగిలింది. దానికి నిలకడైన రూపం లేదు. స్ఫటికంలో కుదురుకోదు, తీగలా ఊగుతుంటుంది. రూపం అంటే స్ఫటికంలో కనిపించేదేనన్న నమ్మకం మా రంగంలో ఎంత బలంగా ఉండేదంటే, ఇలాంటి భాగాలను కత్తిరించి పక్కనపెట్టి మిగతాదాని ఫొటో తీసుకునేవాళ్లం. మేం పారేసినదే అసలు పని చేస్తోంది. 2011లో సియాటిల్ శాస్త్రవేత్తలు ఈస్ట్‌లోని జీసీఎన్4 కారకంలోని పిలిచే భాగం మీడియేటర్ అనే పెద్ద ప్రోటీన్ల కూటమిని ఎలా తాకుతోందో చూశారు. చిన్న హెలిక్స్ ముక్క ఒకటి లోతులేని గుంటలో ఒకసారి ఇటు తిరిగి, ఒకసారి అటు తిరిగి కూర్చుంటోంది. దానికి ఒక స్థిరమైన భంగిమే లేదు. అలాంటి బలహీనమైన తాకిడులు చాలా కలిస్తేనే మీడియేటర్ అక్కడికి చేరి పాలిమరేజ్‌ను రప్పిస్తుంది. పట్టు సడలినకొద్దీ భాగస్వాములను మార్చుకోవచ్చు. జన్యువు ఏ క్షణానికాక్షణం నిర్ణయం మార్చుకోగలగడం అందువల్లే సాధ్యమవుతోంది.

కారకాలకూ వాటి సహచరులకూ మధ్య పట్టు వదిలించడానికి మందులూ ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామోక్సిఫెన్ మీలో చాలామందికి తెలుసు. అది తగులుకునే ఈస్ట్రోజెన్ గ్రాహకం కూడా ఒక కారకమే. హార్మోన్ వచ్చినప్పుడు దాని పన్నెండో హెలిక్స్ మూతలా వాలి, సహాయక ప్రోటీన్లు కూర్చునే గుంటను సిద్ధం చేస్తుంది. టామోక్సిఫెన్ హార్మోన్ చోటులోనే దూరుతుంది గాని, దాని తోక అడ్డుపడి పన్నెండో హెలిక్స్ తప్పుచోట, ఆ గుంటలోనే పడుతుంది. సహాయకులకు చోటుండదు. 1998లో దీని రూపం చూశాక, అంతకు ముందెన్నో ఏళ్లుగా వాడుతున్న మందు ఎందుకు పనిచేస్తోందో తెలిసింది. పట్టు చెడితే జబ్బూ వస్తుంది: మనిషి క్యాన్సర్లలో దాదాపు సగంలో దెబ్బతినే పీ53 కూడా కారకమే. అందులో తరచూ చెడిపోయే 248, 273 స్థానాల ఆర్జినిన్లు నేరుగా డీఎన్‌ఏను తాకేవేనని 1994లో తేలింది.

చివరగా మన కొండల సంగతి. ఈ సభలో ఏజెన్సీ ఆస్పత్రుల్లో పనిచేస్తున్న మాస్టారి శిష్యులున్నారు. ఆదిలాబాద్, భద్రాచలం ఏజెన్సీల్లో, పాడేరు, అరకు కొండల్లో సికిల్ సెల్ జబ్బు మీరు రోజూ చూసేదే. హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్‌లో ఆరో స్థానంలో గ్లూటామిక్ ఆమ్లం బదులు వాలిన్ రావడంతో ఎర్రకణం కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని, పిల్లలను నొప్పితో మెలితిప్పేస్తుంది. కడుపులో ఉన్న బిడ్డకు ఈ బాధ లేదు, అప్పుడు వాడే హిమోగ్లోబిన్‌లో బీటా బదులు గామా గ్లోబిన్ ఉంటుంది. పుట్టాక కొన్ని నెలల్లో గామా ఆగిపోతుంది. దాన్ని ఆపేది బీసీఎల్11ఏ అనే జింక్ ఫింగర్ కారకం. 2008లో బోస్టన్‌లో ఆర్కిన్, శంకరన్ బృందం దాని పాత్రను రుజువు చేసింది.

ఈ కారకం గామా జన్యువు ఆరంభానికి 115 అక్షరాల ముందున్న టీజీఏసీసీఏ అనే వరసను తన వేళ్లతో చదువుతుంది. సరిగ్గా ఆ ఆరక్షరాల్లో ఒక్కటి మారినవాళ్లు పెద్దయ్యాక కూడా గామాను తయారుచేస్తూనే ఉంటారు. అలాంటి కుటుంబాలు ఉన్నాయని వైద్యులకు దశాబ్దాలుగా తెలుసు. ఎందుకో మాత్రం 2018లో గాని తేలలేదు. ఒక్క అక్షరం మారితే వేలికి పట్టు చిక్కదు, రెప్రెసర్ విడిపోతుంది. అంత చిన్న మార్పే ఒక ప్రాణాన్ని కాపాడుతుంది.

అలాగని బీసీఎల్11ఏను పూర్తిగా తీసేయలేం. మెదడుకూ, బీ-కణాలకూ అది కావాలి. ఇక్కడే ఆ కారకం జన్యువును నియంత్రించే తీరు ఉపయోగపడింది. ఎర్రకణాల పూర్వీకుల్లో బీసీఎల్11ఏ జన్యువును పెంచే డీఎన్‌ఏ ముక్క ఒకటి ఆ జన్యువు మధ్యలోనే ఉంది. దాని మీద గాటా1 అనే మరో జింక్ ఫింగర్ కారకం కూర్చుంటుంది. క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో ఆ గాటా1 వరసను కోసేస్తే, ఎర్రకణాల్లో మాత్రమే బీసీఎల్11ఏ తగ్గుతుంది, గామా తిరిగి వస్తుంది. మెదడులోని బీసీఎల్11ఏకు ఏమీ కాదు. కాస్‌జెవీ పేరుతో ఈ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతినిచ్చాయి. రోగి మూలకణాలను బయటికి తీసి, వాటి డీఎన్‌ఏను కోసి, మూలుగను మందులతో ఖాళీచేసి తిరిగి ఎక్కించాలి. అమెరికాలో దీని ధర 22 లక్షల డాలర్లు. వారాలపాటు పెద్ద ఆస్పత్రిలో ఉండాలి. కొండమీది గూడెం నుంచి పీహెచ్‌సీకే నడిచి రావలసిన పిల్లకు ఇది అందేది కాదు. ఈ మాట చెప్పడానికి నాకు కష్టంగా ఉంది, అయినా చెప్పకుండా ఈ చికిత్సను పొగడలేను. ఇవాళ మీ చేతుల్లో ఉన్న హైడ్రాక్సీయూరియా కూడా గామాను కొంత పెంచుతుంది. అది ప్రతి గూడేనికీ క్రమం తప్పకుండా చేరడం ముందు జరగాలి.

ఆ తర్వాతి ఆశ ఒక మాత్ర మీద పెట్టుకున్నాను. హార్మోన్ గ్రాహకాల్లాంటివి తప్ప మిగతా కారకాలకు మందు దూరేంత లోతైన గుంటలు ఉండవని, వాటిని మాత్రలతో లొంగదీయలేమని మా తరం నేర్చుకుంది. 2014లో ఆ నమ్మకం సడలింది. మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు వాడే లెనాలిడోమైడ్, ఇకారోస్ అనే జింక్ ఫింగర్ కారకాన్ని కణంలోని సెరెబ్లాన్ అనే ప్రోటీన్‌కు అతికించి, కణమే దాన్ని చెత్తగా పారేసేలా చేస్తోందని తేలింది. మందు దూరేందుకు లోతైన గుంట అక్కర్లేదు, వేలి వంపు ఒక్కటి చాలు. అదే పద్ధతిలో గామాను అణిచే విజ్ అనే మరో జింక్ ఫింగర్ కారకాన్ని పోగొట్టే చిన్న అణువును 2024లో ప్రకటించారు. ఎలుకల్లోనూ కోతుల్లోనూ గామా హిమోగ్లోబిన్ పెరిగింది. మనుషుల్లో అది భద్రమా కాదా, ఎన్నాళ్లు పనిచేస్తుంది, పిల్లలకు ఇవ్వొచ్చా అన్నవి పరీక్షల్లో తేలాలి. ఆ పరీక్షలు మన దగ్గరా జరగాలంటే ఎవరి ఒంట్లో ఎంత గామా ఉందో, ఎవరికి ఎన్నిసార్లు నొప్పి వస్తోందో ఏజెన్సీ ఆస్పత్రుల్లో ఏళ్లతరబడి రాసి ఉంచిన లెక్కలు కావాలి. ఈ హాల్లో ఉన్న డాక్టర్లను నేను అడిగేది అదే. రక్తపరీక్ష చేసినప్పుడు గామా శాతాన్ని కూడా రాయించండి, ఆ లెక్కల పుస్తకాన్ని మీరు బదిలీ అయి వెళ్లేటప్పుడు మీ తర్వాత వచ్చేవారి చేతికి ఇచ్చి వెళ్లండి.